మాఘ ఫాల్గుణాలలో సైకిల్ ప్రయాణం: నందిగామ, జగ్గయ్యపేట దారుల్లో నేర్చుకున్న పాఠాలు



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని కబురు వచ్చింది. పోటీ పరీక్షల గురించి, వ్యక్తిత్వ వికాసం గురించి రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. మేము సైకిల్ గురించి రాస్తున్నాం. నవ్వకండి. హైస్కూల్లో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న పాఠాలు కొన్ని, పీజీలోకి వచ్చాక కూడా మాకు నిజంగా అర్థం కాలేదు. నందిగామ, జగ్గయ్యపేట మధ్య గాలికి ఎదురు తొక్కినప్పుడు అర్థమయ్యాయి.

మేము అంటే నలుగురం. ఒకే హాస్టల్లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగినవాళ్ళం. నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. డిగ్రీ చదివే రోజుల్లో, చలి తగ్గి ఎండ ముదరని రెండు నెలలూ, ఆదివారం వస్తే సైకిళ్ళు వేసుకుని బయలుదేరేవాళ్ళం. రెండు పాత పెద్ద సైకిళ్ళు, అద్దెకు తెచ్చినది ఒకటి, మా చెల్లెలికి బడికి వెళ్ళడానికి ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ ఒకటి. గేర్లు ఉన్నది ఒక్కటీ లేదు.

సరదాకు తొక్కడమా?

మన ఇళ్ళల్లో సైకిల్ అంటే పని. గడ్డిమోపు, పాలక్యాను, సిమెంటు పనికి వెళ్ళే టిఫిన్ క్యారేజీ, ఇవన్నీ ఎక్కింది సైకిల్ మీదే. మా నాన్న ఎండాకాలమంతా సైకిల్ మీద పుల్ల ఐస్ అమ్మేవాడు. వెనక క్యారియర్ మీద చెక్క డబ్బా, హ్యాండిల్‌కు రబ్బరు హారను. పొద్దున్నే ఐస్ ఫ్యాక్టరీలో డబ్బా నింపుకుని ఊళ్ళ మీద పడితే సాయంత్రానికి 40 కిలోమీటర్లు తక్కువ తిరిగేవాడు కాదు. మేము సరదాకు సైకిల్ తొక్కుతామని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మా ముఖం చూసి, "ఆదివారం పూట పడుకోండిరా, తొక్కే రోజులు ఎటూ వస్తాయి" అన్నాడు. ఆ మాటకు అప్పుడు బదులు చెప్పలేకపోయాం.

మాకు ఇంకో సంకోచం కూడా ఉండేది. హైదరాబాదు, విజయవాడ లాంటి నగరాల్లో సరదాగా సైకిల్ తొక్కేవాళ్ళ ఫోటోలు చూస్తే ఒంటికి అతుక్కున్న బట్టలు, తల మీద హెల్మెట్, ఒక చేత్తో ఎత్తగలిగే సైకిల్. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. ఎండ తగలకుండా దాని మీద సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. అది చూసి ఇదంతా మన లోకం కాదనుకున్నాం.

తరువాత దూరపు సైకిల్ యాత్రల నియమాలు చదివితే అభిప్రాయం మారింది. ఫ్రాన్స్‌లో పుట్టి ప్రపంచమంతా పాకిన ఒక పద్ధతి ఉంది. దాని పేరు బ్రెవే. మన దేశంలో ఆడాక్స్ ఇండియా వాళ్ళు నడుపుతారు. అందులో మొదటి, రెండవ బహుమతులు ఉండవు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల లోపు పూర్తి చేస్తే చాలు. 200ను 13.5తో భాగించి చూడండి. గంటకు 15 కిలోమీటర్లు కూడా రాదు, తిండికి, నీళ్ళకు ఆగిన సమయం కూడా అందులోనే కలుస్తుంది. ఇప్పుడు మన పెద్ద సైకిల్ లెక్క చూద్దాం. ముందు చక్రపు పళ్ళు 44, వెనక ఫ్రీవీలు పళ్ళు 18 అనుకుంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే పెడలు చుట్టుకు 5.4 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లు పైనే. కాగితం మీద మనం ఎవరికీ తక్కువ కాదు. కాగితం మీద గాలి వీయదు, అదొక్కటే చిక్కు.

నాలుగు గాలులు

పశ్చిమ కృష్ణా మెట్ట ప్రాంతం (2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది) సముద్రానికి దూరం, తెలంగాణకు దగ్గర. జగ్గయ్యపేట దాటి పాలేరు వంతెన ఎక్కితే అవతలిది వేరే రాష్ట్రం. కృష్ణకు ఆవల పల్నాటి రెంటచింతల ఎండ సంగతి అందరికీ తెలుసు. ఎండల్లో వాతావరణ శాఖ ఇచ్చే ఉష్ణోగ్రతల జాబితాలో నందిగామ పేరు కూడా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఆ శాఖ కేంద్రం ఉంది. ఇలాంటి చోట మాఘం నుంచి ఉగాది దాకా ఉండే నెలన్నర, రెండు నెలలే సైకిల్‌కు అనుకూలమైన కాలం. మోదుగులు పూస్తాయి, మామిడి పిందె పడుతుంది, వేప ఆకు రాల్చి చిగురిస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అంటారు. అయితే అది పోయేటప్పుడు తిన్నగా పోదు.

ఫిబ్రవరి నడుమ తెల్లవారుజామున 18, 20 డిగ్రీలుండి స్వెట్టరు కావాలనిపిస్తుంది. అదే రోజు మధ్యాహ్నం 33 దాటుతుంది. కారణం ఏమిటంటే, చలికాలంలో ఈశాన్యం నుంచి వీచిన పొడిగాలి ఈ రోజుల్లో బలహీనపడుతుంది. బంగాళాఖాతం మీది నుంచి తేమగాలి ఆగ్నేయంగా, దక్షిణంగా రావడం మొదలుపెడుతుంది. వాయవ్యం నుంచి వచ్చే పొడి వేడిగాలి కొన్ని రోజులు దానికి ఎదురుపడుతుంది. టీవీ వార్తల్లో ద్రోణి అని చెబుతారే, ఈ రెండు గాలులూ కలుసుకునే గీత అలాంటిదే. ఆ గీత మన మీదికి వచ్చిన రోజున ఉరుములు, గాలి దుమారం, ఒక్కోసారి వడగళ్ళు. ఐరోపాలో కూడా ఇదే కాలంలో బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ దారుల మీద పేరుమోసిన సైకిల్ పందేలు జరుగుతాయి. వాటిలో పారిస్ - రూబే పందెం 1896లో మొదలైంది. ఎండ, వాన, ఎదురుగాలి ఒకే రోజున రావడమే ఆ పందేల రుచి అని వాళ్ళు చెప్పుకుంటారు. మనకు ఆ మూడింటితో పాటు పిడుగు కూడా ఉంది.

ఇక రోజులో గాలి నడక. తెల్లవారే వేళకు నేల చల్లబడి ఉంటుంది, దాన్ని అంటుకున్న గాలి బరువుగా కదలకుండా ఉంటుంది. సూర్యుడు పైకి వచ్చి నేల కాగాక కింది గాలి పైకి, పైగాలి కిందికి కలుస్తాయి. అప్పుడు పైనున్న వేగం కిందికి దిగుతుంది. తొమ్మిది, తొమ్మిదిన్నర దాటితే చెట్ల ఆకులు చెబుతాయి. మా నాన్నకు ఈ సిద్ధాంతం తెలియదు. ఆయన సూత్రం ఒక్కటే: "గాలి లేవకముందే దూరం పోవాలి, లేచాక వెనక నుంచి రానియ్యాలి." ఎదురుగాలిలో ఇరుక్కుంటే ఐస్ కరిగేది. కరిగిన ఐస్ డబ్బులు ఫ్యాక్టరీ వాళ్ళు తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు. అలా ఆయన గాలిని చదవడం నేర్చుకున్నాడు.

గాలి లెక్క

తమ్ముళ్ళారా, ఈ లెక్క నోటుపుస్తకంలో వేసి చూడండి. సైకిల్‌ను ఆపే గాలి బలం, మనకు తగిలే గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గాలి లేని రోజున గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళితే మనకు తగిలే గాలి 15. దాని వర్గం 225. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే తగిలేది 25. దాని వర్గం 625. అంటే గాలి అడ్డు దాదాపు 2.8 రెట్లు. అదే 10 కిలోమీటర్ల గాలి వెనక నుంచి వస్తే తగిలేది 5. వర్గం 25, తొమ్మిదో వంతు. ఒకే గాలి, ఒకే దారి, ఒకే మనిషి. వెళ్ళే వైపుకూ వచ్చే వైపుకూ గాలి అడ్డులో తేడా 25 రెట్లు!

"పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది కదా" అని మాలో ఒకడు వాదించేవాడు. కలిసిరాదు. నందిగామ నుంచి పేట 30 కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేకుండా 15 వేగంతో రానుపోను 4 గంటలు. ఎదురుగాలికి వేగం 10కి పడి, తిరిగివచ్చేటప్పుడు 20కి పెరిగిందనుకుంటే పోవడానికి 3 గంటలు, రావడానికి గంటన్నర. మొత్తం నాలుగున్నర. 10, 20ల సగటు 15 అని తేల్చేయకూడదని ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారు చెప్పింది ఇదే. ఆయన చెప్పిన రోజు మేము కిటికీలోంచి బయటకు చూస్తున్నాం.

ఇంకో సంగతి. పేట నందిగామకు వాయవ్యంగా ఉంది. గాలి పగటిపూట ఆగ్నేయం నుంచి లేస్తుంది. కాబట్టి నందిగామ కుర్రాళ్ళు పొద్దున పేటకు హాయిగా వెళ్ళి, అలసిపోయి తిరిగివచ్చే వేళకు గాలి ముఖాన కొడుతుంది. పేట కుర్రాళ్ళకు సరిగ్గా దీనికి తిరగేసి. ఇది కనిపెట్టడానికి మాకు నాలుగు ఆదివారాలు, రెండు పిక్కల నొప్పులు పట్టాయి. ఆ తరువాత మార్చి వచ్చిందంటే కంచికచర్ల, కీసర వైపు, అంటే గాలి వచ్చే వైపుకే ముందు వెళ్ళేవాళ్ళం. పేట చూడాలనుకుంటే ఫిబ్రవరిలోనే వెళ్ళేవాళ్ళం.

మంచులో మునేరు

జాతీయ రహదారి మీద లారీల పక్కన తొక్కడం సరదా కాదు. అందువల్ల పేటకు వెళ్ళినప్పుడు మేము పెనుగంచిప్రోలు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళం. తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళ రోజుల్లో ఆ దారి ప్రభబండ్లతో, ట్రాక్టర్లతో నిండిపోతుంది, అప్పుడు పెట్టుకోవద్దు. మామూలు ఆదివారం తెల్లవారుజామున మనుషులే ఉండరు.

ఆ దారిలో పొగమంచు చూడాలి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. మునేరు ఒడ్డున, సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారిన చేలలో తేమ ఎక్కువ. చల్లబడిన గాలి ఆ తేమను మోయలేక మంచుగా వదులుతుంది. అందుకే మెరకన దారి తేటగా ఉండి, పల్లంలోకి దిగగానే ముందు చక్రం కూడా మసకేస్తుంది. కనుబొమ్మల మీద నీటి చుక్కలు నిలుస్తాయి. అందంగానే ఉంటుంది. కానీ ఎదురుగా వచ్చే ట్రాక్టరుకు మనం కనబడం. మేము పెట్టుకున్న నియమం: రోడ్డు పక్క పది విద్యుత్ స్తంభాలు లెక్కపెట్టగలిగితే తొక్కు, మూడే కనిపిస్తే దిగి నడువు. క్యారియర్‌కు తెల్లచొక్కా కట్టి, మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించేవాళ్ళం. ఎనిమిదింటికి సూర్యుడు మంచును తాగేస్తాడు. అప్పుడు ఒక్కసారిగా మిరపచేలు, దూరంగా కల్లాల్లో పరిచిన ఎర్రదనం కనిపిస్తాయి.

పేట చేరాక ధనంబోడు గుట్ట ఎక్కేవాళ్ళం. పూర్వం బేతవోలు అని పిలిచిన ఈ ఊరికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడని మనకు తెలుసు. అంతకు చాలా ముందే ఇక్కడ బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి చూశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనాలు దొరికాయి. అన్నిటికన్నా మంచి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అందులో చక్రవర్తి పక్కన చక్రం ఉంటుంది. ఆయన చేయి పైకెత్తితే మబ్బులోంచి చదరపు నాణేలు వానలా రాలుతుంటాయి. పేట బడుల్లో చదివి ఆ శిల్పం ఫోటో అయినా చూడనివాళ్ళు మాలోనే ఇద్దరున్నారు. గుట్ట మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తింటూ, ఫోన్లో ఆ బొమ్మ చూశాం.

ఆ చల్లగాలి

ఇప్పుడు చెప్పబోయేది మా తప్పు.

2023 మార్చి మూడో వారంలో ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా అకాల వర్షాలు పడ్డాయి. ఉగాదికి ముందు వారం అది. హెచ్చరికలు వింటూనే ముక్త్యాల దాకా వెళ్ళి కృష్ణను చూసి వద్దామని బయలుదేరాం. పొద్దున ఎండ బాగానే ఉంది. పన్నెండు దాటాక గాలి ఆగిపోయింది. ఉక్కపోత, ఒళ్ళంతా జిగట. పడమట ఒక మబ్బు కింద నల్లగా, పైన తెల్లగా గోపురంలా లేచింది. చూశాం, చూసి కూడా ఏటి ఒడ్డున ఇంకో అరగంట కూర్చున్నాం.

తిరుగు దారిలో ఒక్కసారిగా చల్లగాలి తగిలింది. తడి మట్టి వాసన. "అబ్బ, ఏసీ వేసినట్టుంది" అని చేతులు వదిలి తొక్కాడు మాలో ఒకడు. ఆ గాలి ఎక్కడిదో మాకు తెలియదు. మబ్బులోంచి రాలిన వాన దారిలో ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి నేలకు దిగి నాలుగు వైపులా పరుచుకుంటుంది. వాన కన్నా కొన్ని నిమిషాల ముందు మనల్ని తాకేది అదే. మబ్బు పంపే ఆఖరి నోటీసు అది. దాన్ని హాయిగా పీల్చుకుంటూ తొక్కాం.

తరువాత అన్నీ ఒకేసారి వచ్చాయి. దుమ్ము కళ్ళల్లో పడింది. పెద్ద చినుకులు. ఒక పల్లంలో కల్వర్టు ఉంది. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకు కట్టెలు జారతాయి, పొడి రిమ్ము మీద పట్టినట్టు పట్టవు. చేతులు వదిలి తొక్కినవాడే బ్రేకు నొక్కీ నొక్కీ కల్వర్టు గోడకు గుద్దుకున్నాడు. గడ్డం చీలింది. వాడిని లేపి, సైకిళ్ళు అక్కడే పడేసి, పక్కనున్న చింతచెట్టు కిందికి పరుగెత్తాం. అది రెండో తప్పు.

కల్లంలో ఉన్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి కేకలు వేసింది. "చెట్టు కింద ఉంటారేందయ్యా, చదువుకున్నోళ్ళు కాదా! ఇటు రండి!" కల్లం పక్కన చిన్న డాబా గది ఉంది. లోపలికి వెళ్ళబోయేసరికి ఆవిడ, ఇంకో ఇద్దరు కూలీలు పట్టా లాగుతూ కనిపించారు. గాలికి పట్టా పైకి లేస్తోంది, పట్టడానికి చేతులు చాలడం లేదు. మాలో ముగ్గురం వెళ్ళి అంచులు తొక్కిపట్టి రాళ్ళు పెట్టాం. అదీ అపాయమే. ఆ క్షణాన ఆలోచించలేదు. సగం కాయలు కప్పుకున్నాయి. మిగతా సగం మీద నుంచి నీళ్ళు ఎర్రగా పారాయి. అప్పుడు ఆవిడే అందరినీ గదిలోకి నెట్టింది. లోపల అరగంట సేపు ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ తన కొంగు చింపి మావాడి గడ్డానికి అదిమి పెట్టింది.

తడిసిన మిరపకాయ రంగు తగ్గుతుంది, బూజు పడుతుంది, తాలుకాయలో కలుస్తుంది. గుంటూరు యార్డులో తాలు ధర వేరు, ఎర్రకాయ ధర వేరు. మావాడికి ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేశారు. ఆ రాత్రి ఇంటికి చేరితే అమ్మ మా తడిబట్టలు చూసి మొదట అడిగిన మాట: "ఏ వైపు కురిసింది? కల్లాలు తడిశాయా?" ఆ ఏడు అమ్మ మిరప కోతకు వెళుతోంది. తను కోసిన చేను వాళ్ళు పంట అమ్మాకే కూలి లెక్క తేలుస్తామన్నారు. మేము చదువుతో నేర్చుకున్న ద్రోణి, అమ్మకు కూలి డబ్బుల తేదీ.

మెరుపు లెక్క కూడా తరువాతే గట్టిగా పట్టించుకున్నాం. శబ్దం సుమారు 3 సెకన్లకు ఒక కిలోమీటరు పోతుంది. మెరుపు కనబడగానే ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ఉరుము వినబడేసరికి వచ్చిన అంకెను 3తో భాగిస్తే పిడుగు దూరం తెలుస్తుంది. అంకె 30 దాటకపోతే పక్కా కట్టడంలోకి వెళ్ళిపోవాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు బయటకు రాకూడదు. చెట్టు కింద, కరెంటు స్తంభం పక్కన, పొలంలో మోటారు దగ్గర నిలబడకూడదు. సైకిల్‌కు రబ్బరు టైర్లున్నాయి కదా, పిడుగు పట్టదులే అనే మాట ఒట్టి భ్రమ. ఆకాశంలో కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని వచ్చేదానికి అంగుళం రబ్బరు ఒక లెక్క కాదు.

సైకిల్ సంగతి

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. బయలుదేరే ముందు రోజు సాయంత్రమే గాలి కొట్టించండి, తెల్లవారుజామున షాపు తెరవరు. బ్రేకు కట్టెలు అరిగితే మార్పించండి, పెద్ద ఖర్చేమీ కాదు. తడిసిన రోజు చైను తుడిచి నూనె చుక్కలు వేయండి. తడిసిన బ్రేకును కాస్త ముందు నుంచే మెల్లగా నొక్కి పడితే రిమ్ము మీది నీళ్ళు తుడుచుకుపోతాయి, ఆ తరువాతే పట్టు దొరుకుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ. చలిగా ఉందని దాహం వేయదు, పదింటికి తలనొప్పి వచ్చాక తెలుస్తుంది. వసతి గృహంలో ఉన్న తమ్ముళ్ళు వార్డెన్ గారికి చెప్పి, వెళ్ళే దారి కాగితం మీద రాసిచ్చి వెళ్ళండి. హెల్మెట్ దొరికితే తప్పక పెట్టుకోండి. మావాడు గడ్డంతో బయటపడ్డాడు.

మరుసటి ఏడు, శివరాత్రికి ముందు ఆదివారం, మేము బయలుదేరుతుంటే నాన్న లేచి వచ్చాడు. మోకాళ్ళ నొప్పితో ఐస్ అమ్మకం అప్పటికే మానేశాడు. సైకిల్‌కున్న డబ్బా ఎప్పుడో విప్పేశాం. "కీసర దాకేగా, నేనూ వస్తా పదండి" అన్నాడు. ఊరు దాటాక మా ముందు తొక్కుతున్న ఆయన సైకిల్ అటూఇటూ ఊగుతుంటే, ఏమైందని కంగారుపడి పక్కకు వెళ్ళాం.

"ఏం లేదురా," అన్నాడు. "వెనక బరువు లేకపోతే హ్యాండిల్ ఎట్టా పట్టుకోవాలో తెలీడం లేదు."

కీసర వంతెన దగ్గర టీ తాగే దాకా అలా ఊగుతూనే వచ్చాడు. వెనక్కి తిరిగాక గాలి వీపున పడింది. మేము నలుగురం అందుకోలేకపోయాం.